కొండపల్లి కోటెక్కిన రొయ్యల పెట్టె

దత్తాత్రేయులు గారు పట్టిన పట్టు విడిచిన దాఖలా కైకలూరులో లేదు. చేపల చెరువులకు గంగపూజలు, కొత్త ఇళ్ళకు గృహప్రవేశాలు చేయిస్తూ చుట్టుపక్కల సగం ఊళ్ళకు ఆయన పురోహితులయ్యారు గాని, ఒక్కరింట్లో ఒక్క మెతుకు ముట్టి ఎరుగరు. ఎంత పెద్ద ఆసామీ అయినా బియ్యం, పప్పు, కూరలతో స్వయంపాకం ఇచ్చి పంపాల్సిందే. ఇంటికొచ్చాక శేషారత్నం మడి కట్టుకుని వండితేనే ఆయనకు భోజనం. కాఫీ ఒక్కదానికి మాత్రం మినహాయింపు ఉంది. పొంగిన పాలకు మైలేమిటని ఆయనే ఒక శాస్త్రం చెప్పుకున్నారు. ఆ శాస్త్రం ఏ గ్రంథంలో ఉందని శేషారత్నం ఇంతవరకు అడగలేదు. అడిగితే కాఫీ కూడా తనే ఫ్లాస్కులో పోసి ఊరూరా పంపాల్సి వస్తుందని ఆవిడ భయం.

అలాంటి మనిషికి మనవరాలి పెళ్ళి పరీక్ష పెట్టింది.

మనవరాలు మైత్రేయి ఏలూరులో తల్లిదండ్రుల దగ్గర ఉంటూ, రోజూ రైల్లో తాడేపల్లిగూడెం వెళ్ళి ఇంజనీరింగు కాలేజీలో లెక్కలు చెబుతుంది. హాస్టలు మెస్సుకు వచ్చే సరుకుల తూకం చూసే కమిటీలో ఆ పిల్లను మెంబరుగా వేశారు. ఉల్లిపాయల బస్తాలు దింపడానికి వచ్చిన భరత్‌తో మొదటి రోజు తగువాడింది, రెండో రోజు మాట్లాడింది, ఆ తరవాత తూకం ఎవరు చూశారో ఎవరికీ తెలియదు. భరత్ నాన్న భాస్కరరావు గారిది గూడెంలో పెద్ద ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్టు.

వేసవిలో ఈ మాట బయటపడ్డప్పుడు దత్తాత్రేయులు గారు గంధం అరగదీస్తున్నారు. అరగదీయడం ఆపలేదు.

“వాళ్ళు వైశ్యులు, మనం వైదీకులం. సరే, కాలం మారిందంటారు. కానీ కార్తీకమాసంలో ఉల్లిపాయ పేరెత్తని ఇంట్లో పుట్టి, ఉల్లిపాయల రాశి మీద కాపురం పెడతావుటే?” అన్నారు.

“రాశి మీద కాదు తాతయ్యా, కొట్టు వెనక ఇల్లుందండి వాళ్ళకి,” అంది మైత్రేయి.

“నీ ఇష్టం. చదువుకున్నదానివి, కట్టేసి ఉంచడానికి లేగదూడవు కావు. చేసుకో. ఆ పెళ్ళికి మంత్రం చెప్పమని మాత్రం నన్ను అడక్కు.”

“మీరు మంత్రం చెప్పకపోతే నాకసలు పెళ్ళే వద్దు.”

తాతకు తగ్గ మనవరాలు. ఆ రోజునుంచి ఇద్దరిలో ఒక్కరు కూడా అంగుళం జరగలేదు. పిల్ల తండ్రి, వాళ్ళబ్బాయి విశ్వనాథ్, ఏలూరు ఆఫీసులో వందమందికి సర్దిచెబుతాడు గాని తండ్రి ముందు నోరు పెగలదు. కోడలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, “అత్తయ్యా, ఏవన్నా కదిలిందా?” అని అడుగుతూ ఉంటుంది. కదిలేదేమీ లేక శేషారత్నం వంట సంగతి మాట్లాడి పెట్టేసేది. ముక్కోటి దేవతల్లో ఆవిడ మొక్కకుండా ఎవరినీ వదల్లేదు. ముఖ్యంగా కొల్లేటికోట పెద్దింట్లమ్మను. తన మనవరాలి మెడలో తాళి పడుతుండగా తన మొగుడి గొంతే వినపడాలి. ఆవిడకు వేరే కోరిక లేదు.

కార్తీకం వచ్చేసరికి ఆవిడకు ఒక ఉపాయం తట్టింది.

“ఏవండీ, పెళ్ళయిన కొత్తలో కొండపల్లి బొమ్మ ఒకటి తెచ్చిచ్చి, ఆ కొండమీద కోట కూడా చూపిస్తానన్నారు. బొమ్మకి రంగు పోయింది గాని కోట ఇంకా రాలేదు. వనభోజనాల పేరు చెప్పుకుని అక్కడికే వెళ్దావండీ. అబ్బాయీ వాళ్ళూ వస్తారు. ఆ గూడెం వాళ్ళని కూడా రమ్మందాం. వాళ్ళిల్లూ కాదు, మనిల్లూ కాదు. చూసినట్టూ ఉంటుంది, చూడనట్టూ ఉంటుంది.”

దత్తాత్రేయులు గారు చాలాసేపు పంచాంగం తిరగేశారు. దాన్లో దొరకవలసింది ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు.

“సరే, వస్తాను. చూస్తానన్నాను, అంతే. నా భోజనం మనింటినుంచే రావాలి. వాళ్ళ చేతి మెతుకు ముట్టనని ముందే చెప్పు,” అన్నారు.

ఆ మాటలో మెలిక ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు ఒక కట్టుబాటు పాటిస్తారు. మాట కుదిరేదాకా ఎదుటివాళ్ళ దగ్గర మంచినీళ్ళు పుచ్చుకోవచ్చు, మరీ బలవంతం చేస్తే కాఫీ తాగొచ్చు, విస్తరి ముందు మాత్రం కూర్చోకూడదు. కూర్చుని నాలుగు ముద్దలు తిన్నారంటే సంబంధం ఖాయమైనట్టే. ఆ తరవాత కాదన్నవాడు తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవాడితో సమానం. దత్తాత్రేయులు గారు కోటకు వెళ్ళకముందే తన కోట తలుపులు వేసుకున్నారన్నమాట.

ఆదివారంనాడు తెల్లవారుజామునే లేచి శేషారత్నం పులిహోర కలిపింది, కందిపచ్చడి నూరింది, బొబ్బట్లు నేతిలో ముంచి తీసింది. అన్నీ వేడివేడిగా కొత్త థర్మాకోల్ పెట్టెలో సర్దింది. కైకలూరులో చేపలకూ రొయ్యలకూ ఆ తెల్లపెట్టెలే, పెళ్ళివంటలకూ ఆ తెల్లపెట్టెలే. ఐసు వేస్తే చల్లదనం పోదు, వేడిది పెడితే వేడి పోదు. మడికి భంగం లేకుండా కొట్టునుంచి కొత్త పెట్టె తెప్పించి, పసుపునీళ్ళు చల్లి, చుట్టూ గోధుమరంగు టేపు వేయించింది.

కారు నరసరాజు గారిది. చేపల చెరువుల ఆసామీ. చేపపిల్లలు వదిలేముందు దత్తాత్రేయులు గారి చేత పూజ చేయించనిదే ఏ చెరువులోనూ దిగడు. “కారూ డ్రైవరూ రోజంతా మీవేనండి పంతులుగారూ,” అన్నాడు గాని, పనిలో పనిగా ఆ కారులోనే ఏలూరులో ఉన్న కూతురు సింధూరకు ఒక పెట్టె పంపాడు. చూలాలు. రొయ్యలు తినాలనుందని తండ్రికి ఫోన్ చేసిందట. చూలాలికి కార్తీకం ఏమిటి, ఏకాదశి ఏమిటి!

ఇంకేముంది, డిక్కీలో రెండు పెట్టెలు పక్కపక్కన కూర్చున్నాయి. ఒకే తెలుపు, ఒకే కొలత, ఒకే రంగు టేపు. ఒకదాన్లో బొబ్బట్లు, ఒకదాన్లో రొయ్యలు.

కొల్లేరు మీదుగా కారు వెళుతుంటే మంచుతెర ఇంకా విడలేదు. గూడబాతులు నీళ్ళమీద తేలుతున్నాయి. డ్రైవరు దేవదానం నెమ్మదస్తుడు. ఏలూరు చేరాక ఒక వీధి మొదట్లో కారు ఆపి, “ఒక్క నిమిషమండి, అమ్మాయిగారి పెట్టె ఇచ్చేసొత్తాను,” అని దిగాడు. శేషారత్నం వెనక సీట్లో ఫోన్ పట్టుకుని, “ఆఁ, వచ్చేశామే, చీర కుచ్చిళ్ళు సరిచేసుకుని సిద్ధంగా ఉండు,” అని మైత్రేయికి చెబుతోంది. దేవదానం పెట్టె భుజానికెత్తుకుని ముందు కిటికీ పక్కనుంచి వెళ్ళాడు. ముందు సీట్లో దత్తాత్రేయులు గారు కళ్ళు మూసుకుని ఏదో స్తోత్రం చదువుకుంటున్నారు.

తరవాత విశ్వనాథ్, మైత్రేయి కారెక్కారు. కోడలికి స్కూల్లో పరీక్షల డ్యూటీ పడి ఆగిపోయింది. “మావయ్యగారు ఊఁ అంటే వెంటనే ఫోన్ చెయ్యండి అత్తయ్యా, స్టాఫ్ రూమ్‌లో కూర్చుని హాయిగా ఏడుస్తాను,” అంది.

హనుమాన్ జంక్షన్ దగ్గర కాఫీకి ఆగారు. దత్తాత్రేయులు గారికి మాత్రం కాఫీ ముందు సీట్లోకే వచ్చింది. శేషారత్నం మంచినీళ్ళ సీసా కోసం డిక్కీ తెరిచింది. అలవాటు కొద్దీ, పెట్టె మీద చెయ్యివేసి చూసింది. వండినదాని వేడి చేతికి తగిలితే ఆడవాళ్ళకు అదో తృప్తి.

పెట్టె చల్లగా ఉంది. అడుగున ఒక మూల తడి కూడా ఉంది.

ఆవిడకు సంగతి అర్థమైంది. తన పులిహోర, కందిపచ్చడి, బొబ్బట్లు ఏలూరులో చూలాలి ఇంట్లో ఉన్నాయి. నరసరాజు గారి రొయ్యలు వనభోజనాలకు వెళుతున్నాయి! దేవదానాన్ని పిలవడానికి నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

వెనక్కి వెళితే పెట్టె దొరుకుతుంది. పెట్టె దొరికితే ఆయన కోటలో ఒక మూల కూర్చుని, తన పులిహోర తను తిని, చెయ్యి కడుక్కుని, చూశానుగా, పదండి అంటారు. వెళ్ళకపోతే? పొద్దున్న తాగిన కాఫీ తప్ప ఆయన కడుపులో ఏమీ లేదు. కొండ ఎక్కాలి. ఎక్కాక ఆకలి దంచుతుంది. తినడానికి ఉన్నవల్లా గూడెం వాళ్ళ క్యారియర్లే.

‘అమ్మా పెద్దింట్లమ్మా, ఇది నీ పనేనా?’ అనుకుంది శేషారత్నం. దూరంగా టీ తాగుతున్న దేవదానం వంక చూస్తే నవ్వు వచ్చింది. నీళ్ళ సీసా తీసుకుని డిక్కీ నెమ్మదిగా మూసేసింది. మొగుడికి తెలియకుండా ఆవిడ చేసిన పనులు లెక్కపెడితే వేళ్ళు మిగిలిపోతాయి. ఇది మాత్రం చేసి తీరాలనుకుంది. కారులో కూర్చున్నాక భయమూ వేసింది, హుషారుగానూ ఉంది. బెజవాడ దాటేదాకా మైత్రేయి చెయ్యి వదల్లేదు.

“ఏంటి నానమ్మా, చెయ్యి ఇంత చల్లగా ఉంది?” అంది ఆ పిల్ల.

“ఏసీ,” అంది శేషారత్నం.

అడవిలోంచి మెలికలు తిరిగే రోడ్డు మీద కారు కొండెక్కుతుంటే విశ్వనాథ్ కళ్ళు మూసుకున్నాడు. కొల్లేటి మనుషులకు ఎత్తంటే చెరువుగట్టే కదా. పైన గూడెం వాళ్ళ కారు ముందే వచ్చి ఉంది. భాస్కరరావు గారు బొద్దుగా, నవ్వుముఖంతో ఉన్నారు. ఆయన భార్య జగదాంబ కొంగు భుజాల చుట్టూ కప్పుకుని నమస్కారం పెట్టింది. భరత్ సన్నగా పొడుగ్గా, ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో సంచిలో నాటిన మొక్కతో నిలబడ్డాడు.

“అదేమిటి?” అన్నారు దత్తాత్రేయులు గారు.

“ఉసిరి మొక్కండి. కొండమీద ఉసిరిచెట్టు ఉంటుందో లేదోనని కడియంనుంచి తెప్పించానండి. ఉసిరి లేకుండా వనభోజనం చెయ్యకూడదని నాయనమ్మ అనేవారు.”

దత్తాత్రేయులు గారు మొక్క ఆకులు పట్టి చూశారు. మంచిదే. ఆయన ఏమీ అనలేదు. కాదనకపోవడమే ఆయన మెప్పుకోలని శేషారత్నానికి తెలుసు.

కోట చూడ్డం మొదలుపెట్టారు. ఒక్కొక్క రాయి ఒక్కొక్క ఏనుగంత ఉన్న దర్వాజా దాటారు. కూలిన గోడల మధ్య గడ్డి మొలిచింది. స్కూలు పిల్లలు మహలు మెట్లమీద ఎక్కి ఫోటోలు తీసుకుంటున్నారు. శేషారత్నం మోకాళ్ళు పట్టుకుని ఎక్కుతూ, “ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టుంది నా పని,” అని తనమీద తనే నవ్వుకుంది. బురుజు మీద నిలబడితే దూరంగా కృష్ణ, థర్మల్ స్టేషను పొగగొట్టాలు, ఇంకా అవతల బెజవాడ కనిపించాయి.

తాతగారి పక్కన భరత్ నడుస్తున్నాడు. గోడల ఎత్తు, రాజుల పేర్లు చెబుతాడనుకుంటే, ఆ అబ్బాయి ధాన్యం ఎక్కడ దాచేవాళ్ళు, నీళ్ళు ఎక్కడ నిలవ చేసేవాళ్ళు అని వెతుకుతున్నాడు.

“అదేమిటయ్యా, కోటకొచ్చి కొట్టుగది వెతుకుతావు?” అన్నారు దత్తాత్రేయులు గారు.

“మా వ్యాపారబ్బుద్ధి పోదండీ,” అని నవ్వాడు భరత్. “గజపతుల చేతిలో ఉన్న ఈ కోటని రాయలవారు నెలల తరబడి ముట్టడించారటండి. ఇంతలేసి గోడలు పగలగొట్టడం ఎవరి తరమండీ? లోపల తిండీ నీళ్ళూ ఎన్నాళ్ళొస్తే కోట అన్నాళ్ళే నిలుస్తుందండి. నాకలా అనిపిస్తుంది.”

వెనక నడుస్తున్న శేషారత్నానికి పొలమారింది. మైత్రేయి నెత్తిమీద తట్టింది.

“కడుపు మాడితే రాజైనా దిగిరావలసిందేనంటావు,” అన్నారు దత్తాత్రేయులు గారు, గోడవంక చూస్తూ.

“మీ ముందు అంత మాటనలేనండీ.”

ఎండ నడినెత్తికి వచ్చింది. మహలు పక్కన చెట్టునీడలో చాపలు పరిచి, మధ్యలో ఉసిరిమొక్క పెట్టారు. దత్తాత్రేయులు గారు దానికి పసుపు, కుంకుమ, పూలు పెట్టి పూజ చేశారు. ఒక చాప మీద గూడెం వాళ్ళ స్టీలు క్యారియర్లు, ఎడంగా ఇంకో చాప మీద దేవదానం తెచ్చిపెట్టిన తెల్లపెట్టె. జగదాంబ భర్తకు మందుబిళ్ళ ఇచ్చి నీళ్ళు అందించింది. మైత్రేయి పెట్టె ముందు కూర్చుని టేపు లాగి మూత ఎత్తింది.

లోపల ఐసుముక్కల మధ్య గుప్పెడంతేసి రొయ్యలు, మీసాలతో సహా, కోట చూడ్డానికి వచ్చినట్టు తలలెత్తి చూస్తున్నాయి.

“అమ్మా! పెట్టె మారిపోయింది!” అన్నాడు విశ్వనాథ్. ఇల్లు కాలిపోయినా అంత గట్టిగా అరిచి ఉండడు.

“అయ్యబాబోయ్!” దేవదానం తల పట్టుకున్నాడు. “మీ పెట్టె అమ్మాయిగారికి ఇచ్చేశానండీ. ఇప్పుడే ఎల్లి తెచ్చేత్తానండి, ఆయ్!”

“నువ్వెళ్ళి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది నాయనా. కూర్చో, నీ తప్పేముంది, రెండూ ఒక్కలాగే ఉన్నాయి,” అంది శేషారత్నం. అంత తొందరగా క్షమించడం కూడా ప్రమాదమేనని అనేశాక తోచింది.

భరత్ పెట్టెకు మూతపెట్టి, దూరంగా కారులో పెట్టి, చేతులు కడుక్కుని వచ్చాడు. దత్తాత్రేయులు గారు చాప మీదనుంచి లేచి, ఆచమనం చేసి, తిరిగి వచ్చి కూర్చున్నారు.

జగదాంబ చేతులు కట్టుకుని ముందుకొచ్చింది. “బాబాయిగారూ, తప్పుగా అనుకోకండి. తలస్నానం చేసి, తడిబట్టతో వండానండి. ఉల్లిపాయలు అమ్ముకునే వాళ్ళమే గాని, కార్తీకంలో మా వంటింటి గడప తొక్కనివ్వమండి. కొట్టునుంచి వస్తే వీళ్ళిద్దరూ కూడా స్నానం చేశాకే లోపలికి రావాలి. పులిహోర ఉంది, దద్దోజనం ఉంది. మీకు విస్తరి వెయ్యమంటారా?”

మైత్రేయి నేల వంక చూస్తోంది.

“వద్దమ్మా. కార్తీకం కదా, ఈ పూటకి ఉపవాసం ఉంటాను. మీరంతా కానివ్వండి,” అన్నారు దత్తాత్రేయులు గారు నెమ్మదిగా.

శేషారత్నానికి కాళ్ళకింద కొండ కదిలినట్టయింది. ఉపవాసం! కార్తీకమాసంలో ఆ దారి ఒకటి ఉంటుందని ఆవిడకు తోచనే లేదు. అన్ని దర్వాజాలూ మూశాననుకుంది గాని, ఆయన గోడదూకి వెళ్ళిపోయారు. చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరయింది. పైగా పెద్దవయసు మనిషిని పస్తు పెట్టిన పాపం ఒకటి. ఆవిడకు ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా కొంగుతో ముక్కు తుడుచుకుంది.

జగదాంబ తెరిచిన క్యారియరు మూత మళ్ళీ పెట్టేసింది.

“పెద్దవారు పస్తుంటే మేం ఎలా తింటామండీ? పరవాలేదు. అందరం కలిసే ఉపవాసం ఉందాం,” అంది.

“అలా కుదరదమ్మా, మీరు తినండి,” అన్నారు దత్తాత్రేయులు గారు.

“లేదండి,” అన్నారు భాస్కరరావు గారు. “వనభోజనానికి పిలిచింది మీరు. మీ విస్తరి పడకుండా మా విస్తరి పడదండి. ఓ పూట తినకపోతే ఏమైపోతామండీ? ఉల్లి చేసిన మేలు తల్లి చెయ్యదంటారు, ఒళ్ళు చూడండి, ఎన్నాళ్ళైనా ఆగుతుంది.”

తన మాటకు తనే నవ్వారు. అందరూ చాపల మీద ఊరికే కూర్చున్నారు. మూతలు వేసినా పులిహోర ఇంగువ వాసన ఆగుతుందా? దేవదానం దూరంగా వెళ్ళి చెట్టు మొదట్లో కూర్చుండిపోయాడు. ముట్టడి వేసినవాళ్ళు కూడా పస్తులుంటే ఇక ఆ ముట్టడికి అంతు ఏది?

భాస్కరరావు గారి నుదుటిమీద చెమట పట్టడం శేషారత్నమే ముందు చూసింది. ఆయన చెయ్యి సన్నగా వణుకుతోంది. ఆ చేతిని పంచెకింద దాచుకున్నారు. భరత్ తండ్రి దగ్గరికి జరిగి గొంతు తగ్గించి, “నాన్నా, సుగరు బిళ్ళ వేసుకున్నారు. ఒక్క ముద్ద తినండి,” అన్నాడు.

“ష్, ఊరుకో. పెద్దాయన చూస్తారు.”

పెద్దాయన చూడనే చూశారు.

“బిళ్ళ ఎప్పుడు వేసుకున్నారండీ?” అన్నారు దత్తాత్రేయులు గారు.

“ఇందాక పూజ అయ్యాక ఇచ్చానండి, వెంటనే కూర్చుంటాం కదాని,” అంది జగదాంబ. ఆవిడ గొంతులో కంగారు తెలుస్తోంది. అయినా క్యారియరు మీద చెయ్యి వెయ్యలేదు.

దత్తాత్రేయులు గారు లేచారు. అంగవస్త్రం నడుముకు బిగించి, విస్తళ్ళ కట్ట తనే విప్పి, ఒకటి భాస్కరరావు గారి ముందు, దాని పక్కనే ఇంకొకటి వేశారు. ఆ రెండో విస్తరి ముందు తను కూర్చున్నారు.

“అమ్మా జగదాంబా, వడ్డించు. ముందు మా బావగారికి వెయ్యి.”

బావగారు! జగదాంబ క్యారియరు మూత తియ్యబోతే చేతులు ఆడక మూత దొర్లిపోయింది. మైత్రేయి దాన్ని పట్టుకోవడానికి పరిగెత్తి, పట్టుకుని, అక్కడే కూర్చుని భోరుమంది. విశ్వనాథ్ ఫోన్ తీసి పెళ్ళానికి చెయ్యబోతే సిగ్నల్ లేదు. బురుజు మీదికి పరిగెత్తాడు. కొండ ఎక్కేటప్పుడు కళ్ళు మూసుకున్న మనిషి!

దత్తాత్రేయులు గారు పరిషేచన చేసి, భాస్కరరావు గారు మొదటి ముద్ద మింగేదాకా ఆగి, అప్పుడు తను తిన్నారు. పులిహోర తిన్నారు. దద్దోజనం తిన్నారు. తిని, విస్తరి ముందుకు జరిపి, “పులిహోర మారు వెయ్యమ్మా,” అన్నారు. అది వినగానే శేషారత్నం కడుపు నిండిపోయింది. అయినా వడ్డించినదంతా తింది.

భోజనాలు అవుతుండగా దేవదానం ఫోన్ మోగింది. నరసరాజు గారి అమ్మాయి సింధూర. స్పీకరులో పెట్టమన్నారు.

“రొయ్యలు పంపానన్నారు నాన్న, పెట్టె తీస్తే బొబ్బట్లున్నాయి దేవదానం! కార్తీకంలో నరసరాజుగారు ప్రసాదం పంపారని మా అత్తగారు కళ్ళకద్దుకుని తింటున్నారు. ఇంకా తింటూనే ఉన్నారు. ఎవరు చేశారో కనుక్కోమంటున్నారు.”

కొండంతా నవ్వింది. దేవదానం కూడా మొదటిసారి నవ్వాడు. జగదాంబ అతనికి పెద్ద విస్తరి వేసింది.

తరవాత పిల్లలిద్దరూ కోనేరు చూడ్డానికి వెళ్ళారు. మిగతావాళ్ళు నీడలో నడుం వాల్చారు. దత్తాత్రేయులు గారు చెయ్యి అందిస్తే శేషారత్నం బురుజు చివరి మెట్లు ఎక్కింది. అక్కడ గాలి హాయిగా ఉంది. ఇక ఆగలేకపోయింది.

“ఏవండీ, మీకో సంగతి చెప్పాలి. ఆ పెట్టె...”

“ఏలూరులోనే మారిపోయింది. తెలుసు.”

శేషారత్నం బిత్తరపోయింది.

“ఎలా తెలుసండీ?”

“నీ బొబ్బట్లు నా కిటికీ పక్కనుంచే వెళ్ళాయి రత్నం. ఇన్నేళ్ళుగా తింటున్న నేతివాసన నా ముక్కుకి తెలియదా? స్తోత్రం మధ్యలో మర్చిపోయాను.”

“మరి దేవదానాన్ని ఆపలేదేం?”

“జంక్షన్లో నువ్వాపలేదేం? డిక్కీ తీశావు, మూశావు, వాడి వంక చూసి నవ్వావు. కారు పక్క అద్దంలో అంతా కనపడింది. రొయ్యల పెట్టెమీద చెయ్యివేసి నవ్విన వైదీకురాలివి లోకంలో నువ్వొక్కదానివే.”

ఆవిడ సిగ్గుతో నవ్వింది. నవ్వుతూనే కోపం కూడా వచ్చింది.

“మరైతే ఆ ఉపవాసం ఏమిటండీ? నా ప్రాణం ఎంత కొట్టుకుందో తెలుసా?”

దత్తాత్రేయులు గారు కిందికి చూశారు. చెట్టునీడలో జగదాంబ భర్తకు విసురుతోంది. కొంచెం అవతల భరత్ ఉసిరిమొక్కకు సీసాలో మిగిలిన నీళ్ళు పోస్తున్నాడు. మైత్రేయి పక్కన నిలబడి గొడుగు పట్టింది.

“చూడ్డానికొస్తానన్నాను కదుటే. నేను పస్తుంటే వాళ్ళేం చేస్తారో చూడాలనిపించింది. తినేసి ఉంటే తప్పుపట్టను. కానీ ఆ పెద్దమనిషి చెయ్యి వణుకుతుంటే పంచెకింద దాచుకున్నాడు చూడూ... ఆ ఇంట్లో మన పిల్ల పస్తుంటే ఎవరూ తినరు. ఇంకేం కావాలి? ముహూర్తం మాఘంలో పెడతాను. మంత్రం చెప్పడానికి ఇంకొకడెవడైనా వస్తే ఊరుకోను.”

శేషారత్నం కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకోవలసిన అవసరం కనపడలేదు.

“సరే. కోట చూపిస్తానన్నాను, చూపించేశాను. ఇక ఆ రంగుపోయిన బొమ్మ పేరెత్తి దెప్పకు,” అన్నారు ఆయన, మెట్లు దిగడానికి చెయ్యి అందిస్తూ.

“దెప్పనండి. దిగాక కింద కొట్లో బొమ్మలు కొనండి. రెండు,” అంది శేషారత్నం. “ఒకటి మైత్రేయికి.”